గృహిణీ ప్రసంగము: విడిది యింటికి ఛాయాచిత్ర సాక్ష్యము

సెలవు దినములలో కుటుంబముతో నాలుగు రోజులు ఊరు విడిచి పోయి వచ్చుట నేడు మనవంటి సామాన్య గృహస్థులకును అలవాటైనది. హోటలులో రెండు గదులు తీసికొనుటకంటె ఒక యిల్లంతయు అద్దెకు తీసికొనుట మేలని పలువురు తలచుచున్నారు. నిజమే. పసిబిడ్డకు పాలు కాచుకొనవచ్చును. మామగారికి పథ్యము వండిపెట్టవచ్చును. పదిమంది ఒక్క కప్పు క్రింద నుండవచ్చును. అరకులోయలోను, ఉదకమండలములోను, కొడైకెనాలులోను, విశాఖపట్టణపు సముద్రతీరమునను ఇట్టి విడిది యిండ్లు ఫోనులోనే చూచి కుదుర్చుకొనుటకు దొరకుచున్నవి. అద్దెతోపాటు పలువురు యజమానులు కొంత సొమ్ము డిపాజిట్టుగా ముందే పుచ్చుకొందురు. ఇంటిలో నేదైన చెడినచో అందులోనుండి మినహాయించుకొందురు. చెడనిచో తిరిగి యిత్తురు. అయితే ఏది మనము చెడగొట్టినది, ఏది మనము రాకమునుపే చెడియున్నది? ఈ తగవు తీర్చు మార్గమును గూర్చి ఈ మాసము సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

పోయినది మూడువేలో ఐదువేలో, పోనిమ్మని పురుషులు చేయి దులుపుకొనుట కలదు. మేము దానికి సమ్మతింపము. సొమ్ము ఎవరి సంచిలోనిదైనను మాట పడునది గృహిణి. పిల్లలను కనిపెట్టుకొనలేదని యింటివారందురు. పరాయి సొత్తును జాగ్రత్తగా వాడుట తెలియదని యజమాని యనును. చేయని తప్పునకు సొమ్ము చెల్లించి యూరకున్నచో, చేసినట్లు ఒప్పుకొన్నట్లే యగును.

మా వీధిలోని యొక సోదరి కుటుంబమునకు జరిగిన సంగతి చెప్పెదము. వారు తొమ్మండుగురు కలసి అరకులోయలో రెండు రాత్రులకు ఒక యిల్లు తీసికొనిరి. డిపాజిట్టు ఐదువేలు. ముందుగదిలో టీలు పెట్టుకొను గాజుబల్ల యొకటి యుండెను. దానిపై అల్లిక గుడ్డ పరచియుండిరి. ఇంటికి తిరిగి వచ్చిన మూడవనాడు యజమాని యొద్దనుండి ఒక ఫొటో వచ్చినది. గాజు మూలనుండి నడిమివరకు చీలియున్నది. డిపాజిట్టు తిరిగి యియ్యనని క్రింద వ్రాసియున్నాడు. ఆమెకు నోట మాట రాలేదు. పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడిగినది, కసరినది, చిన్నవాడు ఏడ్చినాడు. సాయంకాలమునకు ఏడవ తరగతి చదువుచున్న పెద్దపిల్ల ఫోను తెచ్చి చూపినది. ఇంట అడుగు పెట్టిన వెంటనే ఆ పిల్ల తల్లి ఫోను పుచ్చుకొని, ఆటగా ఇల్లంతయు తిరిగి నలుబది ఫొటోలు తీసియున్నది. అల్లిక బాగున్నదని గుడ్డ మడిచి దగ్గరగా తీసిన దానిలో గాజు చీలిక స్పష్టముగా కనబడుచున్నది.

యజమాని అంత తేలికగా ఒప్పుకొనలేదు. మీరు పుస్తకములో సంతకము చేసినది 12 గంటల 40 నిమిషములకు, ఫొటో తీసినది 12 గంటల 55 నిమిషములకు, ఈ పదునైదు నిమిషములలో పగులగొట్టలేరా యని అడిగినాడు. ప్రశ్న కటువైనదే గాని తర్కము లేనిది కాదు. ఆ ఫొటో ఎవరికిని పంపబడక ఆ ఫోనులోనే పడియుండుటచేత అతని కట్లడుగుటకు సందు దొరికినది. తుదకు దానినే పెద్దదిచేసి చూడగా చీలిక పొడవునను ఎండిపోయిన తేనీటి మరక యొకటి సన్నని గోధుమరంగు గీతగా దిగియున్నది. పదునైదు నిమిషములలో గాజు పగులవచ్చును గాని, అందులో తేనీరు ఒలికి, ఇంకి, ఎండి, మట్టి పట్టుట సాధ్యము కాదు. సొమ్ము తిరిగి వచ్చినది.

కథ ఇంతటితో ముగిసినచో మేము వ్రాయకపోదుము. కొన్ని దినములకు, మరచి వచ్చిన పిల్లవాని స్వెట్టరు కొరకు ఆమె ఆ యింటిని కనిపెట్టుకొనియుండు స్త్రీకి ఫోను చేసినది. ఆమె ఆ లోయలోని గ్రామమునుండి వచ్చి, ఊడ్చి, తుడిచి, దుప్పట్లు ఉతికి, నెలజీతము పుచ్చుకొను స్త్రీ. గాజు ఖరీదును యజమాని ఆమె జీతములో విరుగగొట్టుచున్నాడట! "వారు పగులగొట్టలేదన్నచో నీవే పగులగొట్టితివి, లేదా అంతకుముందు వచ్చినవారు పగులగొట్టగా నీవు చూడలేదు, ఏదైనను తప్పు నీదే" యనెనట. ముందు దిగినవారు గుడ్డ కప్పి పోయినారని ఆమె యనుమానము. కాని ఆమెకడ సాక్ష్యమేమున్నది? మనల కాపాడిన చిత్రమే ఆమె మెడకు చుట్టుకొన్నది. సోదరి యజమానికి జాబు వ్రాసినది. అతడు బదులు వ్రాయలేదు.

ఇది విన్నప్పటినుండి మా మనస్సున ఒక్క సంగతి నాటుకొన్నది. ప్రవేశించునపుడు తీసిన చిత్రము వచ్చినవారిని కాపాడును; వారు వెడలునపుడు తీసిన చిత్రము ఆ యింట పనిచేయువారిని కాపాడును. రెండును ఉండవలెను, రెండును ఇరుపక్షముల యొద్దను ఉండవలెను.

శకుంతల వృత్తాంతము మీ రెరుగనిది కాదు. కాళిదాసు నాటకములో ఆమెకు గురుతుగా నున్నది ఒక్క ఉంగరము. అది నీటిలో జారిపోగా నిండుసభలో ఆమె మాట చెల్లలేదు. నన్నయగారి భారతములో ఉంగరము ప్రసక్తియే లేదు. ఆకాశవాణి పలికి ఆమెను కాపాడినది. మన తగవులకు ఆకాశవాణి పలుకదు గదా. ఉంగరమైనను ఒక్కటే యుండి, అదియు మన వ్రేలికే యున్నచో ఏ నిమిషమున ఏ నీటిలో పడునో తెలియదు. ఫోనును అట్టిదే. కావున తీసిన చిత్రములను ఆ గంటలోనే యజమానికి పంపుడు. ఇల్లు ఏదైన సంస్థ ద్వారా కుదుర్చుకొన్నచో ఆ సంస్థవారి సందేశముల పెట్టెలోనే పంపుట మరింత మేలు. తగవు వచ్చినప్పుడు చూచువారు వారే. "ఇంట ప్రవేశించితిమి. ముందుగది గాజుబల్ల మూల చీలియున్నది, స్నానపుగది కుళాయి కారుచున్నది, చిత్రములు జతపరచితిమి" అని రెండు పంక్తులు చాలును. నిష్ఠురము లేకుండ వ్రాయవలెను.

ఇక తీయు విధానము. మూటలు విప్పకముందే తీయవలెను. ప్రయాణపు బడలిక యుండును, పిల్లలు ఆకలి యందురు, అత్తగారు కాఫీ యడుగుదురు. అయినను పది నిమిషములు ఓర్చుకొనవలెను. మూటలు కట్టినవి కట్టినట్లే చిత్రములో కనబడుట కూడ నొక సాక్ష్యము. కిటికీ తలుపులు తెరచి, దీపములన్నియు వేసి, గడప దగ్గర నారంభించి ప్రదక్షిణముగా తిరిగి మరల గడపకే రావలెను. ఒక్కొక్క గదికి మొదట గది యంతయు కనబడునట్లు ఒకటి, పిదప లోపమున్నచోట దగ్గరగా ఒకటి. దగ్గరి చిత్రము మాత్రమే యున్నచో ఆ గీత ఏ యింటి ఏ గోడమీదిదో ఎవరు చెప్పగలరు? లోపము ప్రక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీసినచో దాని పరిమాణము తెలియును. గాజునకు, అద్దమునకు ఎదురుగా నిలిచి తీసిన యెడల మన నీడయే పడును, ప్రక్కగా నిలువవలెను. మెరుగు పెట్టిన చెక్కమీది గీతలు ఎదురువెలుగులో కనబడవు, ఫోనులోని దీపమును ఏటవాలుగా పట్టినచో బయటపడును.

చిత్రములో కనబడని లోపములు కొన్ని కలవు. వానికి వీడియో కావలెను. టీవీ ఆర్పియున్నప్పుడు అద్దము పగిలినను నల్లగానే యుండును, కావున వెలిగించి తీయవలెను. గీజరు వేసి నీరు వేడెక్కుచున్నదా, కుళాయి త్రిప్పిన ధార వచ్చుచున్నదా, పొయ్యి అన్ని వైపుల వెలుగుచున్నదా, గడియ పడుచున్నదా, ఇవి కదలిక ఉన్నగాని తెలియవు. చలిప్రదేశములలో గీజరు తగవే తరచుగా వినుచున్నాము. మేము మరి రెండు స్థలములు చెప్పెదము, వీనిని పురుషులు చూడరు. మొదటిది పరుపు. పైదుప్పటి ఎత్తి పరుపును తీయుడు. మరకకు సొమ్ము అడుగుట పరిపాటి. రెండవది వంటగది. అంటుకొనని పూత గల పెనములపై గీతలు, మిక్సీ గిన్నె మూత, ఇస్త్రీ పెట్టె అడుగు, కప్పుల లెక్క. పన్నెండు కప్పులని పట్టికలో వ్రాసియుండి పదకొండే యున్నచో ఆ పదకొండింటిని వరుసగా పేర్చి తీయుడు. విద్యుత్తునకు వేరుగా సొమ్ము ఇయ్యవలసినచో మీటరు అంకెలు మరువరాదు.

ఇట్లు గదిగదియు చూచునపుడే స్త్రీలు మరియొక సంగతి కనిపెట్టవలెను. పడకకు, స్నానపుగదికి ఎదురుగా పనిలేని చోట గడియారము, ఛార్జరు, పొగ కనిపెట్టు యంత్రము ఉన్నచో అది నిజముగా అదేనా యని పరీక్షింపవలెను. రహస్యముగా స్త్రీల చిత్రములు తీయుట భారతీయ న్యాయసంహిత 77వ విభాగము క్రింద శిక్షార్హమైన నేరము. అట్టి యనుమానము కలిగినచో డిపాజిట్టు చూచుకొనక ఆ యిల్లు విడిచి పోలీసులకు తెలుపవలెను.

చిత్రములకు మెరుగులు దిద్దరాదు. మసకగానున్నదని వెలుగు పెంచినను, అంచులు కత్తిరించినను, తరువాత ఎదుటివారు దానినే తప్పు పట్టుదురు. ఫోనుతో తీసిన మూలచిత్రములోనే తీసిన తేదీయు వేళయు నమోదై యుండును. వాట్సాపులో మామూలుగా పంపినప్పుడు చిత్రము చిక్కిపోవును, ఆ నమోదు పోవును; అయినను సందేశము వెడలిన వేళ మాత్రము ఇరువురి యొద్దను నిలుచును. కావున పంపుటయు కావలెను, మూలము దాచుటయు కావలెను. తగవు ముదిరినప్పుడు మూలచిత్రమును వాట్సాపులోనే డాక్యుమెంటుగా పంపిన చెక్కుచెదరక పోవును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగమున ఇట్టి ఎలక్ట్రానికు సాక్ష్యములకు జతపరచవలసిన ధ్రువపత్రమును గూర్చి చెప్పబడియున్నది. ఐదువేల సొమ్ముకు న్యాయస్థానముదాక పోవుదుమా యందురేమో. పోకుండుటకే ఈ జాగ్రత్త.

ఇప్పుడు మర్యాద సంగతి. అతిథులుగా పోయి, ఇంటివాని కన్నులయెదుట గోడలకు, గిన్నెలకు ఫొటోలు తీయుట అవమానము కాదాయని కొందరు సోదరీమణులు మమ్ము అడిగిరి. వియ్యాలవారింట అట్లు చేసిన అవమానమే. ఇది సొమ్మిచ్చి పుచ్చుకొన్న యిల్లు. కొట్టులో పట్టుచీర కొనునపుడు మడతలు విప్పి వెలుగునకు పట్టి చూతుము, బంగారము తూచి పుచ్చుకొందుము, వర్తకుడు నొచ్చుకొనునా? మన యాడపడుచులు పలువురు కాపురముండు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, నివాసపు అద్దెయిండ్ల విషయములో ఈ చిత్రములు తీయు భారమును చట్టము యజమాని మీదనే పెట్టినది. 2025 ఏప్రిల్ 1 మొదలు, అద్దెకున్నవారు ఖాళీచేసిన పిదప మరమ్మతులకు ముందు అతడు చిత్రములు తీయవలెను. 2025 జూలై 1 మొదలు కుదిరిన అద్దెలకు ప్రవేశ సమయముననే తీయవలెను. అది విడిదియిండ్లకు చెప్పినది కాకపోయినను ఆలోచన మెచ్చదగినది. ఆ యింటిని చూచుకొను స్త్రీ యున్నచో ఆమెను వెంట పిలిచి, "అమ్మా, ఇవి మీకును మాకును మేలే" యని చెప్పి, తీసినవానిని ఆమె ఫోనుకును పంపవలెను. అరకులోని ఆ స్త్రీ ఇప్పుడు ఒక్కొక్క కుటుంబము దిగిపోవునపుడు వారి యెదుటనే గదులు తిప్పి తన ఫోనులో చిత్రములు తీసికొనుచున్నదట. ఆ పాఠము ఆమెకు నేర్పినది ఒక నెల జీతము.

న్యాయమును గూర్చి ఒకటి రెండు మాటలు. వాడుకవలన అరుగునది వేరు, పగులగొట్టినది వేరు. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 108వ విభాగములో కౌలుదారుడు సొత్తును పుచ్చుకొన్న స్థితిలోనే అప్పగించవలెననుచు, సహజముగా వాడుటవలన కలుగు తరుగుదలను, ఆపశక్యము గాని శక్తివలన కలుగు మార్పును మినహాయించిరి. రెండు రాత్రుల విడిదికి ఆ విభాగము నేరుగా వర్తింపకపోయినను అందలి ధర్మము ఎల్లవారికి అంగీకారయోగ్యమే. సముద్రపు గాలికి ఇనుప కిటికీ త్రుప్పు పట్టును, కొండప్రదేశపు చెమ్మకు గోడ బూజు పట్టును. ఇవి అతిథి పాపములు కావు. 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము 74వ విభాగము ప్రకారము, ముందుగా ఒక మొత్తము వ్రాసికొన్నను ఆ మొత్తమునకు మించని న్యాయమైన పరిహారమే దొరకును గాని, వ్రాసికొన్నదంతయు ఊరక హరించుటకు వీలులేదు. ఒక కప్పు పగిలినచో ఐదువేలును పట్టుకొనుట న్యాయము కాదు. వినిపించుకొననప్పుడు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయవాణికి ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో రెండేండ్లలోపల ఫిర్యాదు చేసికొనవచ్చును. చెల్లించిన మొత్తము ఐదు లక్షలు మించనిచో దానికి రుసుము లేదు.

ఇదే ధర్మము మనకును వర్తించును సుమా. పిల్లవాడు నిజముగా దీపపు గాజు పగులగొట్టినచో దానిని మంచము క్రిందికి త్రోసి, గుడ్డ కప్పి రాకూడదు. ఆ గుడ్డ క్రింద ఎవరి జీతము పడియున్నదో చూచితిమి గదా. ఆ పూటనే మనమే ఫొటో తీసి పంపి, తగిన వెల ఇచ్చివేయవలెను.

ఇక మోసమును గూర్చి. 2025 ఆగస్టులో లండనునుండి వెలువడు గార్డియన్ పత్రికలో ఒక వృత్తాంతము వచ్చినది. ఆ నగరవాసియగు ఒక స్త్రీ ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా న్యూయార్కులో ఇల్లు తీసికొని, గడువుకు ముందే విడిచిపోగా, ఆమె పన్నెండువేల పౌనులకు మించిన నష్టము చేసినదని ఇంటివాడు ఫొటోలు చూపినాడు. సంస్థవారు మొదట 5,314 పౌనులు చెల్లించుమనిరి. అయితే ఒకే బల్లను చూపు రెండు ఫొటోలలో చీలిక రెండు విధములుగా నుండుటను ఆమె కనిపెట్టినది. అవి యంత్రముచే కల్పింపబడినవో మార్పబడినవోయని వాదించినది. ఆమె ఇల్లు విడుచునపుడు వెంటనున్న స్నేహితురాలు సాక్ష్యము చెప్పుటకు సిద్ధపడినది. పత్రికవారు ప్రశ్నించిన పిదప సంస్థవారు ఆమె పక్షముననే తీర్చి సొమ్ము తిరిగి యిచ్చిరి. బొమ్మలను క్షణములో కల్పించు యంత్రములు వచ్చిన ఈ దినములలో ఎదుటివాని చిత్రమునకు బదులు చెప్పవలెనన్న మన చిత్రము మన యొద్ద నుండవలెను. అందులోను ఒకటి చాలదు. అదే వస్తువును రెండు మూడు వైపులనుండి తీసియుంచుట మేలు.

వెడలునాటి చిత్రములకు ఎవరికిని ఓపిక యుండదు. బండి వచ్చి వాకిట నిలిచియుండును, అందరు కేకలు వేయుచుందురు. కావున ముందునాటి రాత్రియే ఆ పనిని ఒకరికి అప్పగింపుడు. ఏడెనిమిది తరగతుల పిల్లలు దీనిని మనకంటె చక్కగా చేయుదురు. మూటలు బయట పెట్టిన పిదప, ప్రవేశించినప్పటి చోట్లలోనే నిలిచి మరల తీయవలెను. గ్యాసు కట్టినది, కుళాయి కట్టినది, మీటరు అంకెలు, తాళము వేసిన తలుపు, తాళపుచెవి అప్పగించిన చోటు. మన మనుష్యుల ముఖములు, ఇంటివారి సొంత వస్తువులు అందు పడకుండ చూచి బండి కదలకముందే పంపవలెను. ఈ చిత్రములు యజమానికి, సంస్థకు, కావలసినచో అధికారులకు మాత్రమే. పదిమంది చూచు చోట్ల పెట్టి పరాయివారి యింటిగుట్టు రచ్చకెక్కింపరాదు. డిపాజిట్టు చేతికి ముట్టిన పిదపనే వానిని తుడిచివేయవలెను. ఫోనులో ఆటలకు చోటు చాలలేదని పిల్లలు ఇట్టివానినే ముందుగా తీసివేయుదురు, కనిపెట్టియుండుడు.